చూపుకు కొలత పెట్టేదెవరు?

2023 జులై 1వ తేదీన ట్విట్టర్ అనే సామాజిక మాధ్యమం తన వాడుకదారులకు ఒక విచిత్రమైన షరతు విధించింది. రోజుకు ఇన్ని పోస్టులే చూడాలి, అంతకు మించితే ఆ రోజుకు తెర మూసుకుంటుంది అన్నది ఆ షరతు. యజమాని ఎలాన్ మస్క్ స్వయంగా ఈ ప్రకటన చేశారు. డబ్బు కట్టి నీలి టిక్కు తీసుకున్న ఖాతాలకు రోజుకు 6,000 పోస్టులు, ఉచిత ఖాతాలకు 600, కొత్తగా తెరిచిన ఉచిత ఖాతాలకు 300. ప్రపంచమంతటా గగ్గోలు పుట్టడంతో కొద్ది గంటల్లోనే ఆ అంకెలు 8,000, 800, 400 అయ్యాయి. ఆ తర్వాత 10,000, 1,000, 500 అయ్యాయి. ఖాతా లేనివారికి అంతకు ఒక రోజు ముందే గుమ్మం మూసేశారు. అదే నెల చివరి వారంలో ట్విట్టర్ పేరు ‘ఎక్స్’గా మారింది. నాటి పరిమితులు క్రమంగా సడలాయి.

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ట్విట్టర్ చూసేవారు ఎంతమంది? అమెరికా ధనవంతుడి దుకాణంలో తలుపులు ఎప్పుడు తెరిస్తే మనకేమిటి, ఎప్పుడు మూస్తే మనకేమిటి? ఇలా అనుకునేవారు మనలో ఉన్నారు. కాని ఆ సంఘటన మన ముందు రెండు ప్రశ్నలు ఉంచింది. ప్రజల ప్రాణాలకు సంబంధించిన కబురు ఎవరి చేతిలో ఉండాలి అన్నది మొదటిది. మన కంటికి హద్దు ఎవరు పెట్టాలి అన్నది రెండవది. ఈ రెంటినీ విడదీసి ఆలోచించకపోతే మనం ఒకదానికి బదులు మరొకదానికి జవాబు చెప్పి తృప్తిపడే ప్రమాదం ఉంది.

కొలత వెనుక వ్యాపారం

ఆ పరిమితికి మస్క్ చెప్పిన కారణం ఇది. వందలాది సంస్థలు తమ యంత్రాలను పెట్టి ట్విట్టర్‌లోని రాతలన్నిటినీ రాత్రింబవళ్లు తోడుకుపోతున్నాయని, అందువల్ల మామూలు వాడుకదారులకు సేవలు దెబ్బతింటున్నాయని, కనుక తాత్కాలికంగా అడ్డుకట్ట వేస్తున్నామని ఆయన అన్నారు. యంత్రాలకు మనిషిలా మాట్లాడటం నేర్పే కృత్రిమ మేధ సంస్థలకు మనుషులు రాసిన మాటలు కోట్ల సంఖ్యలో కావాలి. వాటిని ఉచితంగా తీసుకుపోనివ్వడం ఏ యజమానికి ఇష్టం? రెడిట్ అనే మరో వేదిక కూడా సరిగ్గా ఆ జులై 1వ తేదీ నుంచే తన సమాచారాన్ని వాడుకునే బయటి యాప్‌ల నుంచి పెద్ద మొత్తంలో రుసుము అడగడం మొదలుపెట్టింది.

ఇంతవరకు న్యాయంగానే కనిపిస్తుంది. అయితే ఆ నెల 12వ తేదీన మస్క్ ‘ఎక్స్‌ఏఐ’ అనే తన సొంత కృత్రిమ మేధ సంస్థను ప్రకటించారు. 2025 మార్చిలో ఆ సంస్థే ‘ఎక్స్’ను తనలో కలుపుకుంది. ఇతరులు తోడుకోకుండా గుమ్మం మూసిన బావిలో యజమాని తన చేంతాడు వేసుకున్నాడన్నమాట. ఆ బావిలో నీరు ఎవరిది? అక్కడ రాసినవారిది, వాదించినవారిది, ఏడ్చినవారిది, నవ్వినవారిది. వారికి పట్టా లేదు, పాలు లేదు. జనగామ ప్రాంతం వారికి ఈ బాధ కొత్తది కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రోజుల్లో భూమి కోసం కోర్టుకెక్కి, చివరికి ప్రాణమే ఇచ్చిన కామారెడ్డిగూడెం షేక్ బందగీ సమాధి ఈనాటికీ మన మధ్య ఉంది. దున్నేవాడు ఒకడు, హక్కు మరొకడిది అన్న మాటకు అర్థం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ధర సంగతి కూడా చూద్దాం. 2023లో మన దేశంలో ఆ నీలి టిక్కుకు ఫోనులో కడితే నెలకు 900 రూపాయలు, కంప్యూటరులో కడితే 650 రూపాయలు. ఆ సంవత్సరం తెలంగాణలో ఉపాధి హామీ కూలీకి రోజు వేతనం 272 రూపాయలు. అంటే మూడు రోజులకు పైగా మట్టి తవ్వితే వచ్చే కూలిని ధారపోసినవాడికి మాత్రమే పదింతలు చూసే అర్హత. పేదవాడి చూపు ఒక వంతు, ఉన్నవాడి చూపు పది వంతులు. సినిమా కబుర్లు, క్రికెట్ కబుర్లు చూడటానికి ఇలాంటి ధర పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, మనకు నష్టం లేదు. కాని వాన కబురు, వరద కబురు కూడా ఆ దుకాణంలోనే ఉంటే?

రూమా బావి చెప్పే పాఠం

మన పెద్దలు మదీనాలోని రూమా బావి గురించి చెబుతారు. మక్కా నుంచి వలస వచ్చిన విశ్వాసులకు మంచినీటి కొరత ఏర్పడింది. రూమా బావి నీరు తియ్యగా ఉండేది. కాని యజమాని దాన్ని వెల కట్టి అమ్మేవాడు. ఆ బావిని కొని అందరికీ అందుబాటులోకి తెచ్చినవారికి స్వర్గం లభిస్తుందని దైవప్రవక్త (సల్లం) శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు. యజమాని మొత్తం అమ్మనంటే మొదట సగం హక్కు కొన్నారని చరిత్రకారులు రాశారు. ఒక రోజు ఆయనది, ఒక రోజు యజమానిది. ఉస్మాన్ (రజి) వంతు వచ్చిన రోజున జనం రెండు రోజులకు సరిపడా నీరు ఉచితంగా తోడుకునేవారట. బేరం పడిపోయిన యజమాని మిగతా సగం కూడా అమ్మేశాడు. బావి వక్ఫ్ అయింది.

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (సల్లం) బోధించినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ మూడూ ఎందుకు? అవి లేకపోతే బతుకు లేదు గనుక. నేటి కాలంలో తుఫాను హెచ్చరిక, వాగు పొంగుతున్న కబురు, చెరువు కట్ట తెగుతున్న కబురు కూడా అటువంటివే కావా? వాటిని ఏ ఒక్క వ్యాపారి గుమ్మం లోపలో పెట్టి, లెక్క ప్రకారం చూపించడం తగునా? ప్రభుత్వ శాఖలు సామాజిక మాధ్యమాల్లో ప్రకటనలు చేయడం తప్పు కాదు. అక్కడ పెట్టేశాం, మా బాధ్యత తీరింది అనుకోవడమే తప్పు.

ఇది ఊహ కాదు. ఆ పరిమితికి మూడు నెలల ముందు, 2023 ఏప్రిల్‌లో, యంత్రాల ద్వారా వెలువడే పోస్టులకు ట్విట్టర్ కళ్లెం వేయడంతో అమెరికా వాతావరణ శాఖే తన హెచ్చరికలు అందులో ఇదివరకటిలా రావని ప్రజలకు చెప్పుకోవలసి వచ్చింది. గోల అయ్యాక సంస్థ దిగివచ్చి ఆ శాఖకు మినహాయింపు ఇచ్చింది. అంత పెద్ద దేశపు వాతావరణ శాఖే ఒక దుకాణదారు దయ మీద ఆధారపడితే, మన మండలాల మాట ఏమిటి?

అదే నెలలో మొరంచ వాగు

ట్విట్టర్ కొలతలు ప్రకటించిన నెలలోనే, నాలుగు వారాలు తిరగకముందే, మన నేల మీద ఆకాశం విరుచుకుపడింది. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. 204.5 మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దానిని అత్యంత భారీ వర్షం అంటుంది. దానికి మూడింతలు ఒక్క రోజులో పడింది. భూపాలపల్లి సమీపంలోని మొరంచపల్లిని మొరంచ వాగు చుట్టుముట్టింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, చెట్లెక్కారు. సైనిక హెలికాప్టర్లు, పడవలు వచ్చి వారిని కాపాడాయి. నలుగురు కొట్టుకుపోయారు. ములుగు జిల్లా కొండాయిలో జంపన్న వాగు ఎనిమిది మందిని బలిగొంది. వారిలో మన ముస్లిం కుటుంబాల వారూ ఉన్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

భారీ వర్షాల హెచ్చరికలు ఆ వారం వెలువడ్డాయి. కాని హెచ్చరిక వెలువడటం వేరు, చేరడం వేరు. నిద్రపోతున్న మనిషికి రోజుకు 600 పోస్టులు చూసే వీలున్నా ఒకటే, 6,000 చూసే వీలున్నా ఒకటే. వెళ్లి వెతుక్కుని చూడవలసిన కబురు ఒక రకం. ఇంటికి వచ్చి తలుపు తట్టే కబురు మరో రకం. పూర్వం ఊళ్లో డప్పు చాటింపు వేసేవారు. దానికి ఖాతా అక్కరలేదు, టిక్కు అక్కరలేదు, చదువు కూడా అక్కరలేదు. చెవి ఉంటే చాలు. అన్నీ ఫోనులో ఉన్నాయి కదా అనుకుని ఆ చాటింపును మనం ఎంత తేలికగా వదులుకున్నామో ఇలాంటి రాత్రుల్లో తెలిసివస్తుంది.

మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లా వంతు వచ్చింది. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరద ధాటికి రైలు పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కాజీపేట - విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. రైల్వేవారు సహాయ కేంద్రాల ఫోను నంబర్లు ప్రకటించారు. ఫోను చేస్తే మనిషి పలికే ఏర్పాటు ఎంత పాతదైనా అలాంటి వేళ అదే అక్కరకు వస్తుంది.

అదే రోజున పొరుగున ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని హర్యానా నుంచి వచ్చిన ఒక ముస్లిం జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి కాపాడాడు. ఆ దృశ్యాన్ని దేశమంతా ఫోనుల్లో చూసింది, మెచ్చుకుంది. చూసినవారు లక్షల మంది, వెళ్లినవాడు ఒక్కడు. చూడటానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం అంత!

కొలత ఎప్పుడు వస్తుంది?

ఇక రెండవ ప్రశ్న. కంటికి హద్దు ఉండాలి కదా, కంపెనీయే పెడితే మంచిదే కదా అనేవారున్నారు. మస్క్ కూడా అలాగే చమత్కరించారు. పరిమితి అయిపోగానే మత్తు వదిలి, ఫోను పక్కన పెట్టి, ఇంటివాళ్లను, మిత్రులను చూడటం గురించి ఆయన ఆ రోజుల్లో రాశారు. సరుకు తక్కువైందని సీసాల లెక్క పెట్టిన కల్లు దుకాణదారు మద్యపానం తగ్గించుకోమని హితవు చెప్పినట్టుంది! డబ్బు కట్టినవాడికి పది సీసాలు ఇస్తానని ఆ నోటితోనే అన్నాడు కదా.

కంపెనీ కొలత తన అవసరం కోసం వస్తుంది, లేదా నెత్తి మీదికి వచ్చాక వస్తుంది. 2018 సంగతి గుర్తు చేసుకుందాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో ఊరూరా పాకింది. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడులో ఐదుగురు సంచార జాతి పేదలను చంపారు. జులై 13న బీదర్ జిల్లా ముర్కిలో హైదరాబాద్‌కు చెందిన ఒక ముస్లిం యువ ఇంజనీరు బలయ్యాడు. అతడూ అతని మిత్రులూ చేసిన నేరమల్లా బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. ఆ వారంలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేస్తామని ప్రకటించింది. 2019 జనవరిలో ఆ కట్టడిని ప్రపంచమంతటికీ విస్తరించింది. ఇన్ని ప్రాణాలు పోయాక గాని ఆ కొలత రాలేదు.

విశ్వాసికి ఆ కొలత పద్నాలుగు శతాబ్దాల కిందటే వచ్చింది. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే ముందు తహఖీఖ్ చేసుకోండి, అంటే నిజానిజాలు విచారించుకోండి, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని సూరా హుజురాత్ హెచ్చరించింది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని హదీసు బోధిస్తోంది. ఆ పుకారు అందిన వారిలో పదిమందికి ఒక్కరైనా ఈ మాటను పాటించి ఉంటే? ముస్లిముల మీద అబద్ధపు వార్త వచ్చినప్పుడు మనకు కోపం వస్తుంది. అది న్యాయమే. మరి ఇతరుల మీద అబద్ధపు వార్త మన చేతికి వచ్చినప్పుడు మన వేలు ఏం చేస్తోంది? దాని మీద కూడా లెక్క ఉంటుంది.

ఇంటిలో కొలత

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక్కో పోస్టుకు మూడు సెకన్లు చొప్పున 600 పోస్టులు అరగంటలో అయిపోతాయి. 6,000 పోస్టులకు ఐదు గంటలు. 10,000 అయితే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అంటే ఒక పూర్తి పనిదినం! ఆ ‘పరిమితి’ మనిషిని ఏ మత్తు నుంచీ కాపాడేది కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

చూపు విషయంలో దివ్య ఖురాన్ ఏమంటోంది? విశ్వాసులైన పురుషులు తమ చూపులను దించుకోవాలని సూరా నూర్ ఆదేశించింది. స్త్రీలకు కూడా అదే ఆదేశం ఇచ్చింది. కాని ముందు చెప్పింది పురుషులకు. ఇంట్లో ఆడపిల్ల చేతిలోని ఫోను మీద నిఘా పెట్టి, అర్ధరాత్రి దాకా తన ఫోనులో మునిగిపోయే తండ్రి ఈ వరుసను గమనించాలి. వినికిడి, చూపు, హృదయం - ఈ మూడింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ తెలియజేసింది. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. కన్ను అమానత్. దాని యజమాని మనం కాము, మస్క్ అంతకన్నా కాడు.

ప్రభుత్వాలు కూడా ఈ దిశగా అడుగులు వేస్తున్నాయి. 16 ఏళ్ల లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు ఉండరాదన్న చట్టాన్ని ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చింది. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది. చట్టాలు మంచివే. కాని అంగీకారం అడిగితే చదవకుండా వేలు నొక్కే తల్లిదండ్రులకు ఏ చట్టం ఏం మేలు చేయగలదు?

మనం చేయగలిగినవి

ఇవన్నీ పెద్ద మాటలు, మన చేతిలో ఏముంది అనుకోనవసరం లేదు. ప్రతి మస్జిద్ కమిటీ వానాకాలానికి ముందే కొన్ని పనులు చేసుకోవచ్చు. కలెక్టరేట్ కంట్రోలు రూము, తహసీల్దారు కార్యాలయం, పోలీసు స్టేషన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించాలి. భారీ వర్ష సూచన ఉన్న వారంలో జుమా ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు దాని గురించి చెప్పాలి. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలకు అర్థం ఏమిటో పిల్లలకు నేర్పాలి. ఎరుపు అంటే భయపడమని కాదు, కదలమని.

రాత్రి వేళ వాగు పొంగుతోందని అధికారుల నుంచి రూఢి అయితే మస్జిద్ మైకులో చెప్పడానికి వెనుకాడవద్దు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వాడరాదు. అయితే ప్రజా అత్యవసర పరిస్థితికి ఆ నియమాల్లోనే మినహాయింపు ఉంది. స్థానిక పోలీసువారితో ముందుగానే మాట్లాడి పెట్టుకుంటే మరీ మంచిది. ఆ మైకు అజాన్ వినేవారికే కాదు, ఆ వాడలో నిద్రపోతున్న ప్రతి హిందూ సోదరుడికీ, ప్రతి క్రైస్తవ సోదరికీ వినిపిస్తుంది. గుడి మైకూ అలాగే మనకు వినిపిస్తుంది. వరద ఎవరి కులమూ అడగదు కదా!

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. ఒక టవరు పరిధిలోని ఫోనులన్నిటికీ ఒకేసారి పెద్ద మోతతో హెచ్చరిక పంపే విధానాన్ని కేంద్రం 2023 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పరీక్షించింది. చాలామంది ఉలిక్కిపడి ఫోను చూసుకున్నారు కూడా. దానికి ఏ ఖాతా, ఏ చందా అక్కరలేదు. వాగుల ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ ఆ హెచ్చరిక తెలుగులోను, అవసరమైన చోట ఉర్దూలోను సకాలంలో అందాలి. టవరు పడిపోయిన రాత్రికి పంచాయతీ డప్పు, మైకు సిద్ధంగా ఉండాలి. ఇవి దయాదాక్షిణ్యాలు కావు, పౌరుల హక్కు.

ఇక ఇంటి సంగతి ఇంటివారిదే. ఇషా నమాజు తర్వాత ఇంట్లోని ఫోనులన్నీ ఒకే చోట, మోత వినిపించేలా పెట్టి పడుకునే అలవాటు చేసుకుంటే రెండు లాభాలు. కంటికి విశ్రాంతి, అర్ధరాత్రి హెచ్చరిక వస్తే చెవికి మెలకువ. మొదట పెట్టవలసింది ఇంటి పెద్ద ఫోను.

అల్లాహ్ మన కన్నులను వృథా చూపుల నుంచి, మన నాలుకలను నిజం తేలని మాటల నుంచి కాపాడుగాక! ఆపద వేళ పొరుగువాని తలుపు తట్టే మనసును మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.